సమ్మక్కకు కెథడ్రల్ రివర్బ్

మేడారం జాతర దగ్గర పడిందంటే ఏడూళ్ల బయ్యారం క్రాస్ రోడ్డులో స్పీకర్లన్నీ ఒకే గొంతుతో మోగుతాయి. ఆ గొంతుకు ఇప్పుడు కొత్త బిరుదు: ‘ఒరిజినల్ అడవి ఫీల్’. పోస్టర్లు మీరూ చూసే ఉంటారు.

ఆ ఫీల్ తయారీని ఒక స్టూడియోలో కూర్చుని కళ్లారా చూశాను. గోడల నిండా నల్ల ఫోమ్. తలుపు సందుల్లో రబ్బరు. పిట్ట కూత రాకూడదు, బొగ్గు టిప్పర్ మోత రాకూడదు, గోడకు తగిలి గొంతు అసలే తిరిగి రాకూడదు. అందులో డోలి వాయిస్తూ కోయ కథలు పాడే ఒక పెద్దాయనను నిలబెట్టి పాడించారు. పాట అయ్యాక కంప్యూటర్ ముందున్న కుర్రాడు పెదవి విరిచాడు. ‘మరీ డ్రైగా ఉందన్నా.’ ఉండదా మరి! ప్రతిధ్వనిని పైసలిచ్చి బయటికి గెంటింది మీరేగా. ఇప్పుడు మళ్లీ పైసలిచ్చి దాన్నే సాఫ్ట్‌వేర్‌లో కొంటారు.

రివర్బ్ అనే ఆ సాఫ్ట్‌వేర్ ప్రతిధ్వనిలో రకాలున్నాయి. కుర్రాడు రూమ్, హాల్, ప్లేట్... అన్నీ దాటుకుని ‘కెథడ్రల్’ దగ్గర ఆగాడు. అంటే సమ్మక్క తల్లి చిలకలగుట్ట దిగి తిన్నగా ఏ యూరప్ రాతి చర్చిలోనో గద్దెనెక్కిందన్నమాట.

‘అడవిలో చర్చి ఎక్కడిది తమ్ముడూ?’

‘అడవి పెద్దగుంటది కదన్నా. రివర్బ్ గూడ పెద్దగనే ఉండాలె.’

రివర్బ్‌కు కావలసింది గోడలు, కప్పు. అడవికి ఆ రెండూ లేవు. మొదళ్లకు తగిలి శబ్దం కాస్త చెదురుతుంది, మిగతాది ఆకులు మింగేస్తాయి. వాగు అవతల ఎవరైనా పాడితే ఇవతలికి సన్నగా వస్తుంది, మాట మాత్రం మాటలాగే వస్తుంది. మా వైపు నిజంగా దద్దరిల్లే శబ్దం కావాలంటే మణుగూరు ఓపెన్‌కాస్ట్‌లో బ్లాస్టింగ్ వేళకు రండి. అది పాట కాదు.

ప్రతిధ్వనిని తెచ్చిపెట్టడం కొత్తేమీ కాదు. 1947లో షికాగోలో బిల్ పుట్నమ్ స్టూడియో బాత్‌రూమ్‌ను వాడి హార్మోనికా పాటకు ప్రతిధ్వని తెచ్చాడు. దానికి ‘ఒరిజినల్ అడవి’ అని పేరు పెట్టలేదు. గొంతును ఉన్నచోటే ఉంచి, కొంత పాయను మాత్రం రివర్బ్‌కు పంపి, వచ్చినదాన్ని వెనక సన్నగా కలపడం తెలిసినవాళ్ల పద్ధతి. సెండ్ అనే మీట ఉన్నది అందుకే. మనవాడు మొత్తం గొంతునే అందులోకి తోశాడు. ముందు కంప్రెసర్, వెనక డిలే, ఆ వెనక ఇంకో రివర్బ్. డోలి దెబ్బ ఎక్కడ పడిందో కొట్టినాయనే వెతుక్కున్నాడు. తర్వాత ఆ వెతుకులాట కూడా లేదు, డోలి తీసేసి శాంపిల్ పెట్టారు.

ఇంతవరకు నవ్వుకున్నాను. గొంతు శ్రుతిని దిద్దే ఆటోట్యూన్ తెరిచాక నవ్వు రాలేదు.

భూమిలోకి శబ్ద తరంగాలు పంపి చమురు జాడ తీసే లెక్కల్లో ఆరితేరిన ఆండీ హిల్డెబ్రాండ్ 1997లో తెచ్చిన సరుకది. దాని ‘రీట్యూన్ స్పీడ్’ మీటను సున్నాకు దించితే రెండు స్వరాల నడుమ జారే గొంతు జారదు, మెట్టు మీంచి మెట్టు మీదికి దూకుతుంది. ఎవరైనా సరదాకి వాడుకుంటే నాకేం? కానీ ఈ పాట ప్రాణమంతా ఆ జారుడులోనే ఉంది. మణుగూరు మండలం కూనవరం సకిని రామచంద్రయ్య కోయ వీరుల కథలను ఏ పుస్తకమూ లేకుండా నోటి మీదే మోశారు. 2022లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు, 2024లో ఆయన పోయారు. పద్మశ్రీ ఇచ్చేటప్పుడు ‘మీది ఏ స్కేలండీ?’ అని ఎవరూ అడగలేదు. అలాంటి పెద్దల గొంతులో తప్పులు దిద్దడానికి మీరెవరు? హార్మోనియం మెట్లలో ఇమడనిదల్లా అపస్వరమని మీకు చెప్పిందెవరు?

‘వ్యూస్ రావన్నా’ అంటాడు కుర్రాడు. వ్యూస్ వస్తే పెద్దాయనకు ఏమిస్తారని అడిగాను. పాడిన రోజే కూలి ఇచ్చేశారట. రచన ఎవరిదంటే జానపదం, హక్కులు ఎవరివంటే ఛానల్‌వి.

పాట విడుదలైంది. కింద మిక్సింగ్ చేసినవారి పేరుంది, మాస్టరింగ్ చేసినవారి పేరుంది, డ్రోన్ ఎగరేసినవారి పేరూ ఉంది. పాడినాయన పేరు లేదు. అది పైకి తేలాలంటే ఏ ప్లగిన్ వేయాలో చెప్పండి, ఊరంతా చందాలేసి కొనిస్తాం.