ఎసరు లెక్క

"అమ్మాయ్, రాత్రికి ఎంతమందికి ఎసరు పెట్టమంటావు?" అని మొన్న సాయంత్రం మా కోడల్ని అడిగాను. కాలేజీ నుంచి అప్పుడే వచ్చి కుర్చీలో కూలబడింది. ఫోన్లోంచి తలెత్తకుండా "చూద్దాం అత్తయ్యా" అంది.

చూద్దాం! నాకు డెబ్భై ఆరేళ్ళొచ్చాయి. నాలుగు గిద్దలొక సోల, రెండు సోలలొక తవ్వ, రెండు తవ్వలొక మానిక. ఇవన్నీ ఇత్తడివి నా దగ్గర ఇప్పటికీ ఉన్నాయి. ఈ "చూద్దాం" అనే కొలపాత్రను మాత్రం మా అమ్మ నా సారెలో పెట్టడం మరిచిపోయింది.

మా రోజుల్లో పొయ్యి వెలిగించే ముందు మనుషుల్ని లెక్కపెట్టేవాళ్ళం. తెనాలిలో మా అమ్మ బియ్యం డబ్బా ముందు గొంతుక్కూర్చుని వేళ్ళు ముడిచేది. నాన్నకు సోలెడు, పెదనాన్నకు సోలెడు, అన్నయ్యలిద్దరికీ కలిపి తవ్వెడు, పిల్లకాయలకు తలా రెండు గిద్దలు. నానమ్మకు ఒక్క పూటే, రాత్రి ఫలహారం. మంగళవారమైతే ఇంకో సోలెడు, అది వారాలబ్బాయిది. వారాలు చేసుకుని చదువుకోవడమంటే ఇప్పటి పిల్లలకు తెలియదు. సోమవారం ఒకరింట, మంగళవారం ఇంకొకరింట, అలా వారానికి ఏడిళ్ళలో భోంచేసి చదువు గట్టెక్కేవాళ్ళు పేదింటి పిల్లలు. మా మంగళవారం అబ్బాయి మాకు చుట్టమూ కాదు, పక్కమూ కాదు. అయినా ఒకసారి వాడు రాలేదని మా అమ్మ వీధి గుమ్మంలోకి నాలుగుసార్లు వెళ్ళి చూసింది. జ్వరమని తెలిసి, మా చిన్నన్నయ్య చేత గిన్నెలో చారన్నం పంపించి, అప్పుడు తను విస్తరేసుకుంది. ఇప్పుడేమో, కన్న కొడుకు ఎక్కడ తిన్నాడో వాడి ఫోటో చూసి తెలుసుకోవాలి. అందులో కూడా వాడి మొహం ఉండదు, పళ్ళెమే ఉంటుంది.

"మీకేం అత్తయ్యా, మీ రోజుల్లో అంతా తీరికే" అంటారు. తీరికా! 1968లో నేను బెజవాడ సత్యనారాయణపురానికి కాపురానికి వచ్చాను. మావారు గూడ్సు గార్డు. ఆ ఉద్యోగానికి వేళాపాళా ఉండదు. అర్ధరాత్రి కాల్‌బాయ్ వచ్చి తలుపు కొట్టి, పుస్తకంలో సంతకం పెట్టించుకుని పోయేవాడు. ఈయన స్నానం చేసి బట్టలేసుకునే లోపల క్యారేజీ సర్దాలి. గూడూరు దాకా వెళ్ళి వస్తారో, మధ్యలో ఎక్కడ బండి ఆపేస్తారో తెలియదు. అందుకని ఒక గిన్నెలో పులిహోర, ఒక గిన్నెలో పెరుగన్నం, పై మూతలో మాగాయ ముక్క. రెండో పూటకు కూడా చెడకూడదు కదా. ఇంతకంటే హడావిడి సంసారం ఎవరిదో చెప్పండి చూద్దాం. అయినా ఎసరు లెక్క తప్పలేదు. ఆయన ఊళ్ళో లేకపోతే లేరనే లెక్క, ఉంటే ఉన్నారనే లెక్క. "చూద్దాం" లేదు.

ఆ లెక్కకు పైన ఒక పిడికెడు. అది ఎవరికని అడక్కూడదు. వేళ కాని వేళ దిగే చుట్టానికి, గుమ్మంలో నిలబడే బిచ్చగాడికి, ఎవరూ రాకపోతే మర్నాడు చద్దన్నానికి. పది మంది దిగితే కొత్తగా కూర చేసేవాళ్ళం కాదు. చారులో చెంబెడు నీళ్ళు పోసి, ఇంకో చిటికెడు మిరియాలపొడి వేసి, ఆవకాయ జాడీ ముందుకు జరిపేవాళ్ళం.

ఇప్పుడు కరెంటు కుక్కరు వచ్చింది. దానితో పాటు ప్లాస్టిక్ గ్లాసొకటి ఇచ్చారు. గ్లాసు బియ్యానికి రెండు గ్లాసుల నీళ్ళు పోసి మీట నొక్కితే అదే ఉడికి అదే ఆగుతుంది. మహా కనిపెట్టామనుకుంటారు. గంజి వార్చకుండా, నీళ్ళు సరిగ్గా ఇగిరిపోయేలా కొలిచి పోసే పద్ధతికి మావాళ్ళు ఎప్పుడో అత్తెసరు అని పేరు పెట్టారు. మావాడి కొడుక్కి ఆ మాట మార్కుల దగ్గర మాత్రమే తెలుసు. "నానమ్మా, ఫిజిక్సులో అత్తెసరు మార్కులొచ్చాయి" అంటాడు. అది వంటింటి మాటరా నాయనా అని చెబితే నోరు తెరుచుకుని చూశాడు. బియ్యమూ అలాగే మారాయి. మొలగొలుకులు, అక్కుళ్ళు అని పేరుపెట్టి అడిగి కొనుక్కునేవాళ్ళం. 1986లో బాపట్ల నుంచి సాంబ మసూరి, అదే బీపీటీ 5204, వచ్చాక మిగతావన్నీ మెల్లగా కొట్లోంచి తప్పుకున్నాయి. సాంబ మసూరి అన్నం మల్లెపూవులా ఉంటుంది, కాదనను. తినేవాళ్ళే లేరు. సోలెడు తినే చోట గిద్దెడు తిని లేస్తారు. "కార్బ్స్" అట.

ఇంత సణుగుతున్నానని ఆ పొయ్యిలు మళ్ళీ రావాలంటానని అనుకోకండి. అంత పిచ్చిదాన్ని కాను. కట్టెల పొయ్యి ఊది ఊది కళ్ళు మండిపోయేవి. కుంపటికి బొగ్గులు ఎగదోసేసరికి చేతులు నల్లబడేవి. రంపపు పొట్టు పొయ్యి అని ఒకటుండేది. డబ్బాలో మధ్యన కర్ర నిలబెట్టి, చుట్టూ పొట్టు దిట్టంగా కూరి, కర్ర మెల్లగా పైకి లాగాలి. చెయ్యి వణికిందా, పొట్టంతా కూలిపోతుంది, పొద్దుటి పనంతా మళ్ళీ మొదటికి. తర్వాత కిరసనాయిలు వత్తుల స్టవ్వు, దానికోసం రేషన్ షాపు ముందు డబ్బాల వరుస. మా ఇంటికి గ్యాసు వచ్చిన రోజు ఆ ఎర్ర బండకు పసుపు కుంకుమ పెట్టాను. 1999లో దీపం పథకం వచ్చాక మా పనిమనిషికీ బండ వచ్చింది. ఆ రోజు అది పన్లోకి రాలేదు. నేను తిట్టలేదు. రుబ్బురోలు పొత్రం తిప్పి తిప్పి నా కుడి భుజం ఇప్పటికీ చలికాలం లాగుతుంది. కాబట్టి గ్రైండరు మీద ఒక్క మాట అననివ్వను.

నా ఫిర్యాదు హోటళ్ళ గురించి. మా రోజుల్లో మగవాడు హోటల్లో తింటున్నాడంటే పెళ్ళాం పుట్టింట్లోనన్నా ఉండాలి, ఇంకా పెళ్ళన్నా కాకపోయి ఉండాలి. ఆడవాళ్ళ మాట చెప్పనే అక్కర్లేదు. గాంధీనగరంలో సినిమాకు వెళితే, మావారి చేతిలో జీతం పచ్చగా ఉంటే, బాబాయ్ హోటల్లో ఇడ్లీ. పొగలు కక్కే ఇడ్లీ మీద వెన్నముద్ద కరిగి పక్కకు జారుతుంటే, అది కారప్పొడి దాకా వచ్చేలోపు ముక్క తుంచుకోవాలి. ఆ నాలుగు ఇడ్లీల గురించి మూణ్ణెల్లు చెప్పుకునేవాళ్ళం. గుంటూరు వెళితే శంకర్ విలాస్. ఆ హోటలు పేరుతో ఏకంగా సెంటరే వెలిసింది. కాకినాడ సుబ్బయ్య హోటల్లో ఒక్కసారి తిన్నాను, పెళ్ళికి వెళ్ళినప్పుడు. వడ్డించేవాళ్ళు "ఇంకొంచెం వేసుకోండమ్మా" అని కొసరి కొసరి పెడుతుంటే పుట్టింటికి వచ్చినట్టే ఉంది. పార్సిళ్ళూ అప్పుడు లేకపోలేదు. పురుడొచ్చినా, జ్వరమొచ్చినా హోటలు క్యారేజీ తెప్పించేవాళ్ళం. ఒక్క క్యారేజీ ఇద్దరికి సరిపోయేది. తిన్నాక ఆ గిన్నెలు కడిగి పంపడం మర్యాద.

ఇప్పుడో? మా ఇంటి దగ్గర రైలు కట్ట ఉండేది. పట్టాలు పీకి బీఆర్‌టీఎస్ రోడ్డు వేశారు. చీకటి పడేసరికి ఆ రోడ్డు మీద తిండి బండ్లే బండ్లు. ఒకప్పుడు మావారి గూడ్సు వ్యాగన్లు పోయిన దారిలో నూడుల్సు గరిటెలు టంగుటంగుమంటున్నాయి. సరే, బండి దగ్గర నిలబడి తిన్నా వేడిగా తింటారు. ఇంటికి తెప్పించుకోవడం నాకు అర్థం కాదు. పోయిన నెల నా పుట్టినరోజని మనవడు ముచ్చటపడి పెసరట్టు తెప్పించాడు. హోటలు పేరెందుకులెండి. పెనం మీద కరకరలాడాల్సిన అట్టు డబ్బాలో మూతపడి చెమటపట్టి, ముసలిదాని చర్మంలా మెత్తబడిపోయింది. అల్లప్పచ్చడి అసలు రాలేదు. దాని బదులు టమాటా సాసు పొట్లాలు నాలుగు. పైన 5 శాతం జీఎస్టీ, డబ్బాకు వేరే, తెచ్చినందుకు వేరే. వర్షంలో తడిసి ఆ డబ్బా తెచ్చిన కుర్రాణ్ణి "నువ్వు తిన్నావా నాయనా?" అని అడిగాను. "ఇంకా లేదు మామ్మగారూ, ఇంకో నాలుగు ఆర్డర్లున్నాయి" అన్నాడు. ఊరందరికీ అన్నం మోస్తున్న పిల్లాడు రాత్రి పదింటికి ఎవరి ఎసరు లెక్కలో ఉన్నాడో!

ఇక వంటకాల పేర్లు. ఉలవచారు బిర్యానీ అట. ఉలవలు ఎడ్లకు ఉడకేసి, వార్చిన నీళ్ళు మనం చారు కాచుకునేవాళ్ళం. పొలం ఉన్న ఇంట్లో అది ఖర్చులేని వంట. ఇప్పుడు దాని మీద మీగడ పోసి, రాగి గిన్నెలో పెట్టి, కొత్త పెళ్ళికొడుకుని చూపించినట్టు తెస్తున్నారు. ఇంకో చోట చద్దన్నం! కుండలో పెట్టి, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ పక్కన పెట్టి, వందకు పైమాటే. బోర్డు మీద "అచ్చం ఇంటి భోజనం". ఇంట్లోనేమో పన్నీరు బటర్ మసాలా.

మా కోడలు ఇంటర్ పిల్లలకు లెక్కలు చెబుతుంది. పొద్దున ఏడింటికి వెళ్ళి సాయంత్రం ఆరింటికి వస్తుంది. మనవడు అదే ఇంటర్, ఇంకో కాలేజీ. వాడి స్టడీ అవర్లు ముగిసేసరికి రాత్రి తొమ్మిది. కొడుకు బ్యాంకు. ఎవరి గడియారం వాళ్ళది. అందుకని మా సందు చివర కర్రీ పాయింటు. అన్నం మనం వండుకోవాలి, మిగతావి వాడిస్తాడు. పప్పు, సాంబారు, దొండకాయ వేపుడు, వంకాయ మెంతికారం, గోంగూర పచ్చడి, అన్నీ చిన్న చిన్న కవర్లలో పోసి, కవరు ఉబ్బేలా గాలి నింపి, మూతికి రబ్బరు బ్యాండు. వండుకున్నమ్మకు ఒకటే కూర, అడుక్కున్నమ్మకు అరవై ఆరు కూరలని సామెత. కొనుక్కున్నమ్మ సంగతి ఆ సామెత కట్టినవాళ్ళకు తట్టి ఉండదు. ఒక పూట ఆ కవర్లు చూసి నేను ఉండబట్టలేకపోయాను. "మా రోజుల్లో ఇంట్లో ఆడది ఉండగా కూర బయట కొన్నామంటే..." అని మొదలుపెట్టాను.

కోడలు విసుక్కోలేదు. కవరు మూతి విప్పుతూ, "అత్తయ్యా, మీ ఎసరు లెక్కలో మీ నాన్నగారిది సోలెడు, పెదనాన్నగారిది సోలెడు, పిల్లలది చెప్పారు, వారాలబ్బాయిది కూడా చెప్పారు. మీ వంతు ఎంత పోసుకునేవారు?" అంది.

నాకు జవాబు వెంటనే రాలేదు. లెక్కల మేష్టరమ్మ కదా, తప్పు ఎక్కడుందో పట్టుకుంది. మా అమ్మ వేళ్ళు ముడవడం కళ్ళకు కట్టినట్టు గుర్తుంది గానీ, తన కోసం ఏ వేలు ముడిచిందో ఎంత ఆలోచించినా గుర్తురాలేదు. నేనూ ముడవలేదు. మగవాళ్ళ బంతి లేచి, పిల్లల బంతి లేచి, అత్తగారి మడి భోజనం అయ్యేసరికి మధ్యాహ్నం రెండున్నర. గిన్నె అడుగున మాడు చెక్క, ఆ పిడికెడు మిగిలితే పిడికెడు. చెంబెడు నీళ్ళు కలిపిన చారు చివరికి ఎవరి విస్తట్లోకి వచ్చేదో ఇప్పుడు వేరే చెప్పాలా? కూర ఉంటే అదృష్టం, లేకపోతే ఆవకాయ.

"నీ వంతు ఎంతో నువ్వు చెప్పు ముందు" అని గదమాయించి అక్కడితో ఆపాను. అత్తగారిని కదా, ఓడిపోయానని ఒప్పుకోకూడదు. అయితే ఆ రాత్రి అది తన కంచంలో దొండకాయ వేపుడు ముందుగా, వేడివేడిగా వేసుకుంటుంటే చూసి ఏమీ అనలేదు. ఆకలేసినప్పుడు తినడం నేను ఎన్నేళ్ళకు నేర్చుకున్నానో నాకే తెలుసు.

అయినా నా గొడవ నాది. కూర ఎవరు చేస్తేనేం, ఎంతమందిమో తెలియాలా వద్దా? ఇవాళ సాయంత్రం ఫోను చేస్తే కొడుకు ఎత్తలేదు. కోడలు మీటింగులో ఉందట. మనవడి ఫోను కాలేజీవాళ్ళ దగ్గర ఉంటుంది. సంచీ తీసుకుని కర్రీ పాయింటుకు నేనే నడిచాను. గల్లా దగ్గర కుర్రాడు నన్ను చూడగానే సాంబారు కవరు అందుకుంటూ, "మామ్మగారూ, ఇవాళ ముగ్గురేగా? సార్ ఏలూరు క్యాంపు అన్నారు పొద్దున. చిన్నబాబు వంకాయ తినడు, పప్పు రెండు పెడతాను" అన్నాడు.

నా ఇంటి లెక్క వాడు చెబుతున్నాడు! కోపం రావాలి. రాలేదు. "నిన్న సాంబార్లో ఉప్పెక్కువైంది, చూసుకో" అన్నాను, వచ్చినందుకు ఏదో ఒకటి అనాలి కదా. "వంట మాస్టారుకు చెబుతా మామ్మగారూ" అని నవ్వాడు.

ఇంటికొచ్చి డబ్బాలో సోల ముంచాను. కోడలికి, మనవడికి, నాకు. నా వేలు కూడా ముడిచాను ఈసారి. పైన ఒక పిడికెడు. కొడుకు ఆకలితో అర్ధరాత్రి దిగబడినా దిగబడతాడు. లేకపోతే రేపటికి చద్దన్నం. హోటల్లో తింటే వందకు పైమాటే.