ప్రతిపక్షం గారు

లక్డీకాపూల్ మెట్రో దిగి నాలుగడుగులేస్తే ఓ ఇరానీ హోటలు. పక్కనున్న అసెంబ్లీ ఏడాదికి కొన్నాళ్లే నడుస్తుంది. ఇక్కడ రోజూ సమావేశాలే, ప్రతిపక్షం గారు సెలవు పెట్టరు గనక. అసలు పేరు మేం మర్చిపోయాం. ఫైళ్ల మీద ‘చర్చించండి’ అని రాసి వెనక్కి పంపుతూ సర్వీసంతా గడిపి రిటైరైన మనిషి.

ఆయనకి సొంత అభిప్రాయాలుండవు. ముందు మీది చెప్పాలి, దానికి ఎదురుది ఆయనది. ఓడినవాడు చాయ్ డబ్బులు కట్టాలని రూలు. ఆయన ఇంతవరకూ జేబులో చెయ్యి పెట్టలేదు.

2001లో యూనివర్సిటీల్లో జ్యోతిషం కోర్సులు పెట్టుకోమంది యూజీసీ. అది శాస్త్రం కాదని అనండి చూద్దాం. ‘‘సీసీఎంబీ పెట్టిన పుష్పమిత్ర భార్గవ హైకోర్టుకెళ్తే కొట్టేశారు. 2004లో సుప్రీంకోర్టూ కొట్టేసింది. జడ్జీలకంటే నీకెక్కువ తెలుసా?’’ శాస్త్రమేనని ఒప్పుకున్నారా, ‘‘భార్గవంతటి సైంటిస్టే కాదంటుంటే నువ్వెవడివయ్యా?’’ ఇంతకీ కోర్టులన్నది, కోర్సుల సంగతి యూజీసీ చూసుకుంటుంది, మేం వేలు పెట్టం అనే. ఆ ముక్క ఆయనకీ తెలుసు. చెబితే రెండు వాదనలూ ఒకేసారి చస్తాయని మింగేస్తారు.

చదువు తెలుగులో ఉండాలంటే, ‘‘1918లో ఉస్మానియాని ఉర్దూ మీడియంలో పెట్టారు, ఏమైంది? చివరికి ఇంగ్లీషే దిక్కయింది.’’ సరే సార్, ఇంగ్లీషే మేలంటే, ‘‘ఉస్మానియాలో డాక్టరీ కూడా ఉర్దూలో చెప్పారయ్యా! తెలుగుకేం రోగం?’’

మొన్న అందరం కూడబలుక్కున్నాం. ఆయనేమన్నా ‘అంతే సార్’ అనాలని. రవీంద్రభారతిలో సన్మానాలు తప్ప సంస్కృతి లేదన్నారు. అంతే సార్. ఈ రాజకీయాలు బాగుపడవన్నారు. అంతే సార్. మనిషికి చెమటలు పట్టాయి. ఉస్మానియా బిస్కెట్టు చాయ్‌లో కరిగిపోయినా చూసుకోలేదు. కాసేపటికి టేబుల్ మీద గట్టిగా చరిచి, ‘‘ఇందాక నేనన్నది శుద్ధ తప్పు!’’ అని మొదలుపెట్టారు. సన్మానం సంస్కృతి కాకపోతే మరేమిటని తనని తానే నిలదీశారు. అరగంటలో తన వాదనని తానే తుక్కు చేసి వదిలారు.

సర్వర్ బిల్లు తెచ్చాడు. ‘‘ఓడింది మీరే కదా సార్’’ అన్నాం ఆశగా.

‘‘గెలిచిందెవరయ్యా మరి?’’ అంటూ లేచి, మెట్రో మెట్లెక్కేశారు.