వోచరు మీద ముద్రను

నంద్యాల గాంధీ చౌక్ దగ్గర స్టాంపులు చేసే చిన్న కొట్లో పుట్టాను. చెక్క పిడి, దాని అడుగున నాలుగు వరుసల రబ్బరు అక్షరాలు. మొదటి వరుసలో ప్రాజెక్టు పేరు, రెండో వరుసలో గ్రాంటు నంబరు, మూడో వరుసలో తేదీ వేయడానికి ఖాళీ గీత, అన్నిటికన్నా కింద పెద్దక్షరాల్లో 'పెయిడ్ అండ్ క్యాన్సిల్డ్'. నాతోపాటు ఊదారంగు ఇంకు ప్యాడ్ ఒకటి కొన్నారు. డబ్బు చెల్లించడం అయిపోయాక ఆ బిల్లు మీద అడ్డంగా నన్ను వేస్తారు. నేను పడిన కాగితం ఇక ఎక్కడా చెల్లదు.

దీనికో ముద్ర దేనికని అడిగేవాళ్లుంటారు. ఒకే ఆఫీసులో ఇద్దరు ముగ్గురు దాతల డబ్బు నడుస్తుంటుంది. పెట్రోలు బిల్లు ఒకటే. దాన్ని ఒక దాతకు చూపించి, అదే కాగితాన్ని ఇంకో దాత ఫైల్లోనూ పెట్టారనుకోండి, ఒక ఖర్చుకు రెండుసార్లు డబ్బు వస్తుంది. అలా పక్కకు పోయిన ప్రతి రూపాయీ ఎక్కడో ఒక రోగి పరీక్షకు తగ్గుతుంది. నా ఒంటి మీది గ్రాంటు నంబరు ఆ దారి మూసేస్తుంది. అందుకే నా పని చిన్నదని నేను ఏనాడూ అనుకోలేదు.

నన్ను వాడేది మా ఫైనాన్స్ ఆఫీసర్ మేడం. మాది క్షయ వ్యాధి మీద పనిచేసే అంతర్జాతీయ సంస్థ. పెద్దాఫీసు విదేశంలో, దేశానికంతటికీ ఆఫీసు ఢిల్లీలో, మేమేమో నంద్యాలలో ఒక అద్దె మేడ మీద. డబ్బు గ్లోబల్ ఫండ్‌ది. ఎయిడ్స్, క్షయ, మలేరియాల మీద పోరుకు 2002లో జెనీవాలో పెట్టిన నిధి అది. దేశదేశాల్లో దానికి సొంత ఆఫీసులు లేవు. ఖర్చు సరిగ్గా జరిగిందో లేదో చూడ్డానికి బయటి ఆడిట్ కంపెనీలను ఆ దేశంలో తన ప్రతినిధులుగా పెట్టుకుంటుంది. అంటే ఆళ్లగడ్డలో ఇచ్చిన టీ డబ్బుల కాగితం కూడా ఏదో ఒకరోజు ఎవరో కొత్త మనిషి చేతిలో పడి, 'ఇది నిజమేనా' అనే ప్రశ్నకు జవాబు చెప్పాలి. ఆ రోజుకు కాగితాన్ని సిద్ధం చేసి పెట్టడమే మేడం ఉద్యోగం.

ఆమె రోగిని ముట్టుకోరు, మందు ఇవ్వరు. బంధువులు "ఆస్పత్రిలో పనా?" అని అడిగితే ఏం చెప్పాలో తోచక "అట్లాంటిదే" అంటారు. నా ముందు జరిగే పని చూస్తే అది ఆస్పత్రి పనే అంటాను నేను.

ఆళ్లగడ్డ వైపు చూసుకునే మా ఫీల్డు మనిషి ఒకాయన ఉన్నాడు. మేడం ఆయన్ను 'అన్నా' అంటారు. రుద్రవరం పక్కన నల్లమల అంచు చెంచు గూడేల దాకా బైకు మీద పోతాడు. రెండు వారాలు దాటి దగ్గు తగ్గనివాళ్ల దగ్గర కఫం తీయించి, డబ్బా మూత బిగించి, ఐసు ప్యాకులున్న పెట్టెలో పెట్టి ఆళ్లగడ్డకు తెస్తాడు. అక్కడినుంచి నంద్యాల నలభై కిలోమీటర్ల పైచిలుకు. పెట్టెను ఒడిలో పెట్టుకుని బస్సెక్కి, శిరివెళ్ల మీదుగా వచ్చి ఆస్పత్రి ల్యాబులో ఇస్తాడు. నంద్యాల ఎండ సంగతి తెలిసినవాళ్లకు ఐసు ప్యాకు ఎందుకో చెప్పక్కర్లేదు. ల్యాబులోని జీన్‌ఎక్స్‌పర్ట్ యంత్రం రెండు గంటల లోపే ఫలితం ఇస్తుంది. క్షయ ఉందో లేదో చెప్పడమే కాదు, రిఫాంపిసిన్ మందుకు లొంగే రకమో కాదో కూడా తేల్చేస్తుంది.

ఆ యంత్రంలో వేసే కార్ట్రిడ్జి ఒక్కొక్కటి 2012 నుంచి 9.98 డాలర్లు. పదకొండేళ్లపాటు అది దిగలేదు. ప్రపంచమంతా ఒత్తిడి పెడితే 2023 సెప్టెంబరులో 7.97కు దిగింది. కార్ట్రిడ్జికి ఇన్‌వాయిసు ఉంటుంది, బ్యాచి నంబరు ఉంటుంది, గడువు తేదీ ఉంటుంది. ఏ ఆడిటరూ దాన్ని చూసి మొహం చిట్లించడు. కానీ డబ్బా బస్సెక్కి రాకపోతే ఆ కార్ట్రిడ్జి ఉత్త ప్లాస్టిక్కే. మరి ఆ బస్సు ఖర్చుకు కాగితమేది?

ఒక నెల అన్న వోచర్ల కట్ట విప్పితే బస్సు టికెట్లు సగం లేవు. ఉన్నవాటిలో కొన్నింటి మీద అక్షరాలు వెలిసిపోయి తెల్ల కాగితాలయ్యాయి. బస్సు దొరకనప్పుడు షేర్ ఆటో ఎక్కాడు, ఆటోవాళ్లు రసీదులివ్వరు.

"టికెట్ యాడో పడిపాయ మేడం. పెట్టె సూసుకుంటానా, టికెట్ సూసుకుంటానా?" అన్నాడు అన్న.

ఎదురుగా నిలబడిన ఆయన చేతిలో ఒక ఖాళీ బిల్లు పుస్తకం ఉంది. తెలిసినవాళ్ల ట్రావెల్స్ కొట్టుది. "దీనిమీద రాసిస్తా, అందరూ ఇట్లనే సేస్తారు" అని బల్ల మీద పెట్టాడు.

దొంగతనానికి వచ్చిన మనిషి కాదాయన. చేతినుంచి పెట్టుకున్న డబ్బు తిరిగి రావాలంటే ఆఫీసు బిల్లు కావాలంటుంది కాబట్టి బిల్లు పుట్టించబోయాడు. ఎక్కడైనా దొంగ బిల్లు మొలిచేది చాలాసార్లు ఇక్కడే. దారికి కుదరని నిబంధన పెట్టిన చోట నిజాయితీపరుడి చేత కూడా అబద్ధం రాయిస్తారు. ఈ మాట నేను నిష్ఠూరంగా అనడం లేదు. వోచర్ల మధ్య బతికినదాన్ని కాబట్టి చెప్తున్నాను.

మేడం ఆ పుస్తకం మూసి వెనక్కి ఇచ్చారు. తెల్ల కాగితం తీసి, ఏ తేదీన ఎక్కడినుంచి ఎక్కడికి, ఎన్ని డబ్బాలు, దేనిమీద, ఎంత అయిందీ అన్న చేతనే రాయించారు. 'రసీదు దొరకలేదు' అని స్పష్టంగా రాయించి సంతకం పెట్టించారు. ఆ మధ్యాహ్నమే ఆస్పత్రి ల్యాబుకు వెళ్లి, నమూనాల రిజిస్టరులో ఆ తేదీల వరుస నంబర్లు చూసి వచ్చి, ఒక్కోదాన్నీ కాగితం మీద ఎదురుగా వేశారు. పెట్టె వచ్చిందనడానికి అంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? టికెట్ అయితే మనిషి వచ్చాడని మాత్రమే చెప్తుంది. ఆ కాగితాల మీద పడినప్పుడు నాకు ఇంకు బాగా అంటింది.

ఆళ్లగడ్డ అనగానే శిల్పాలు గుర్తొస్తాయి. గుడి ధ్వజస్తంభాల దగ్గరినుంచి నాయకుల విగ్రహాల దాకా అక్కడ చెక్కుతారు. ఉలి కాలం పోయి చేతి గ్రైండర్లు వచ్చాక పని తొందరగా తెములుతోంది, దుమ్ము అంతకంతకూ లేస్తోంది. రాతి దుమ్ములోని సిలికా ఏళ్లతరబడి ఊపిరితిత్తుల్లో పేరుకుంటే క్షయ అంటుకునే ముప్పు బాగా పెరుగుతుంది. అందుకే పని ముగిసే పొద్దుకు శిల్పులున్న చోటే పరీక్ష శిబిరం పెట్టారు. శిబిరం ఖర్చు కాగితాలు నా దగ్గరికి వచ్చాయి. టీ, బిస్కెట్లు, కుర్చీల అద్దె. హాజరు పట్టీలో మాత్రం సంతకాలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. టీలు చూస్తే ఎన్నో.

ఆఫీసులో కూర్చుని చూసేవాళ్లకు ఇది తేడా లెక్క. మేడం మాత్రం ఆళ్లగడ్డ బస్సెక్కారు. ఆ సంగతి సాయంత్రం వచ్చాక ఆమె ఢిల్లీకి ఫోన్లో చెబుతుంటే విన్నాను. జనం వచ్చారు, పరీక్షా చేయించుకున్నారు. సంతకం పెట్టమనేసరికి వెనక్కి తగ్గారు. 'క్షయ శిబిరం' అని పైన రాసి ఉన్న కాగితం మీద పేరుంటే, ఆ కాగితం ఎవరి కంట పడుతుందో అని భయం. "ఇంట్లో పెళ్లి కావాల్సిన పిల్ల ఉంది తల్లీ, నా పేరు రాయొద్దు" అన్నాడట ఒక పెద్దాయన.

ఆ మాటకు జవాబివ్వడం అంత తేలిక కాదు. డబ్బిచ్చేవాడికి పేరు కావాలి, లేకపోతే లేని మనుషుల పేర రాసి కాజేసినా తెలియదు. రోగికి పేరు బయటపడకూడదు. ఇద్దరిదీ న్యాయమే. మేడం పట్టుబట్టి ఒక పద్ధతి తెచ్చారు. ప్రభుత్వ క్షయ కార్యక్రమంలో రోగికి నిక్షయ్ పోర్టల్‌లో ఒక ఐడీ నంబరు ఉంటుంది. పరీక్ష కోసం వివరాలు ఎక్కించినవాళ్లకూ ఆ నంబరు వస్తుంది. వోచరు మీద, హాజరు పట్టీ మీద ఆ నంబరే. పేర్ల జాబితా వేరే తాళం వేసిన చోట, చూసే అధికారం ఒకరిద్దరికే. ఆడిటరు వచ్చినప్పుడు తాను కోరిన నంబర్లు చెప్తాడు, ఆ నంబర్లవాళ్లు ఒప్పుకున్నాకే వాళ్లతో మాట్లాడిస్తారు. అప్పటినుంచి నా కింద పేర్లు కనబడలేదు. నేను క్యాన్సిల్ చేయాల్సింది బిల్లునే, ఎవరి పరువునూ కాదు.

నిక్షయ్ అనగానే ఇంకో మాట. చికిత్సలో ఉన్న రోగికి తిండి కోసం ప్రభుత్వం 2018 ఏప్రిల్ నుంచి నెలకు 500 రూపాయలు నేరుగా ఖాతాలో వేస్తూ వచ్చింది. 2024 నవంబరు నుంచి అది 1,000 అయింది. మా పద్దులోది కాదు కాబట్టి నాకు దాంతో పనిలేదు. కానీ బ్యాంకు ఖాతా లేక, ఉన్న ఖాతాకు ఆధార్ కలవక, ఆ డబ్బు అందని గూడెం రోగుల కోసం అన్న బ్యాంకు చుట్టూ తిరిగిన బైకు పెట్రోలు నా పద్దులోకే వచ్చింది. అది పెట్టదగిన ఖర్చా కాదా అని మేడం ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు.

అన్న మా దగ్గరికి రావడానికి ముందు, 2020 సెప్టెంబరులో విదేశీ విరాళాల చట్టం మారింది. విదేశం నుంచి వచ్చే డబ్బు ముందు ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచి ఖాతాలోనే పడాలి. పరిపాలన ఖర్చు సగం దాకా ఉండొచ్చన్నది ఐదో వంతుకు దిగింది. అన్నిటికన్నా గట్టిగా తగిలింది, అలా వచ్చిన డబ్బును ఒక సంస్థ ఇంకో సంస్థకు ఇవ్వకూడదన్నది. అంతవరకు ఆళ్లగడ్డ వైపు పని ఊరిలోని మహిళలు నడిపే ఒక చిన్న సంస్థ చేసేది. ఆ మహిళలకు ఊరూ వాడా తెలుసు. వాళ్ల ఆఖరి వోచరు మీద నన్ను వేసేటప్పుడు మేడం చాలాసేపు పిడి పట్టుకునే ఉన్నారు. డబ్బు ఎక్కడికి పోతోందో దేశం తెలుసుకోవాలనుకోవడం సరైనదే. కానీ గూడెం దాకా వెళ్లగల చేయి చాలాచోట్ల ఆ చిన్న సంస్థలదే. తర్వాత ఆళ్లగడ్డ పనికి మేమే నేరుగా మనుషులను పెట్టుకున్నాం. అన్న అప్పుడు వచ్చినవాడే.

2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా అయింది. జనం బాణసంచా కాల్చారు. మా ఆఫీసులో మాత్రం లెక్కల సంవత్సరం ఏప్రిల్ 1నే మొదలైపోయింది. అందుచేత ఆ మూడు రోజుల ఖర్చు పాత కర్నూలు జిల్లా కోడ్ కింద, మిగతాది నంద్యాల కోడ్ కింద రాయాల్సి వచ్చింది. పెద్దాఫీసుకు జనవరి నుంచి డిసెంబరు దాకా ఒక సంవత్సరం, మన ప్రభుత్వానికి ఏప్రిల్ నుంచి మార్చి దాకా ఇంకో సంవత్సరం. మేడం ఏడాదికి రెండుసార్లు ముగింపు లెక్కలు కడతారు. ఉగాది పచ్చడి తిన్న చేత్తోనే చాలాసార్లు నన్ను పట్టుకున్నారు.

2025 జనవరిలో అమెరికా ప్రభుత్వం విదేశీ సాయాన్ని ఉన్నపళంగా ఆపేసింది. జులై 1 నాటికి ఆ సాయాన్ని నడిపే యూఎస్‌ఎయిడ్ సంస్థ పనే ఆగిపోయింది. దేశదేశాల్లో ఆ డబ్బుతో నడిచే ఆరోగ్య పథకాలు పని మధ్యలో నిలిచాయి. గ్లోబల్ ఫండ్‌కు అందరికన్నా ఎక్కువ ఇచ్చేదీ అమెరికానే కాబట్టి మా దాకా కూడా ఖర్చు తగ్గించమన్న మాట వచ్చింది. ఏ వరుస కొట్టేయాలో పంపమన్నారు. చాలా ఆఫీసుల్లో అలాంటప్పుడు ముందు కొట్టేసేది ప్రయాణ ఖర్చులనే. కాగితం మీద అవి విలాసంలా కనిపిస్తాయి మరి. మేడం మీటింగు హాలు అద్దెలు కొట్టేశారు, ఫ్లెక్సీలు కొట్టేశారు, ఆఫీసు మేడ సగం ఖాళీ చేసి అద్దె తగ్గించారు. కఫం డబ్బాల రవాణా మీద మాత్రం గీత పడనివ్వలేదు. ఇన్నాళ్ల తెల్ల కాగితాలు, ల్యాబు వరుస నంబర్లు పక్కపక్కన పెట్టి, ఎన్ని ప్రయాణాలకు ఎంతమందిలో జబ్బు దొరికిందో పట్టిక కట్టి ఢిల్లీకి పంపారు.

ఢిల్లీ ఒప్పుకుంది. ఇప్పుడు ఆ ఖర్చుకు సొంత వరుస, ప్రయాణానికి ఇంత అని ఖాయమైన రేటు ఉన్నాయి. టికెట్ అక్కర్లేదు, ల్యాబు రిజిస్టరు నంబరు ఉంటే చాలు. డబ్బు నేరుగా అన్న ఖాతాలో పడుతుంది. అడవి దారిలో బైకు మీద తిరిగే ఆ మనిషికి ప్రమాద బీమా మాత్రం ఇంకా ఏ వరుసలోనూ లేదు. వచ్చే బడ్జెట్ చిత్తుప్రతిలో మేడం దాన్ని రాశారు. ఆ ప్రీమియం రసీదు మీద పడాలని నా కోరిక.