కాస్త పక్కకి జరగమ్మా, ఫ్రేములో పడుతున్నావ్

నవంబరు వచ్చేసింది. ఇక అరకును ఆ దేవుడే కాపాడాలి. ఫోను తెరిస్తే పసుపు, మూస్తే కళ్లలో పసుపు. నిన్నటిదాకా వలిసెలంటే నూనెగింజలని కూడా ఎరగని వాళ్లు ఇవాళ ఏ మలుపు దగ్గర ఎన్నిగంటలకు పూలు ఎలా మెరుస్తాయో చెబుతున్నారు. చూశాం, బాగుంది అని ఊరుకుంటే ఎవరికి నష్టం? ఊరుకోరు. ప్రతి వీడియోలోనూ అదే డప్పు: "ఎవరికీ తెలియని చోటు, మీకోసం కనిపెట్టాం!"

ఎవరికీ తెలియదట! 1960లలోనే రైలు ఎక్కిన కొండ అది. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దించడానికి సొరంగాల మీద సొరంగాలు తవ్వి వేసిన దారి. 2009 నుంచి అరకు పేరుతో లోక్‌సభకు ఒక ఎంపీ వెళుతున్నారు. అక్కడి కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, అంతకుముందే పారిస్‌లో దాని పేరుతో కొట్టు వెలిసింది. ఇంకెవరికి తెలియాలి, వాస్కోడగామాకా? మీకు నిన్న తెలిసిందనుకోండి, సంతోషం. మీకు తెలిసిన రోజే ఆ లోయ పుట్టిందంటేనే వినడానికి కష్టంగా ఉంది.

2017లో ఆ రైలుకు అద్దాల పెట్టె తగిలించారు. తలెత్తి కొండలు చూడమని పైకప్పుకు కూడా గాజు వేస్తే, మనవాళ్లు దాని కింద తల వంచుకుని పొద్దున పెట్టిన ఫోటోకు ఎన్ని లైకులొచ్చాయో చూసుకుంటున్నారు. బొంగు చికెన్ వీడియోల జోలికి నేను పోను, ఎవరి కడుపు వారిది.

నా కడుపు మండేది పెళ్లికి ముందు ఫోటోలతో. ఈ ఏడు అది ముదిరింది. పెళ్లికూతురు గౌను ముందు నడుస్తుంది, దాని తోక అరగంట తర్వాత వస్తుంది. ఆ తోకను పూల మీద పరవడానికి ఒక కుర్రాడు, గాల్లోకి విసరడానికి ఇంకో కుర్రాడు. పెళ్లికొడుకు సూటూ బూటూ వేసుకుని దుక్కి మట్టిలో దిగబడుతూ, ఏదో దివ్యలోకంలో తేలిపోతున్నట్టు నవ్వాలి. "సార్, మేడమ్‌ని కాదు, దూరంగా కొండని చూడండి" అంటాడు ఫోటోగ్రాఫరు. కొండను చూస్తే కాలు మడత పడుతుంది. కింద చూస్తే ఫోటో చెడుతుంది.

అక్కడితో అయిపోతే బాగుండేది. పూలు ఊగాలట. గాలి లేదు కాబట్టి ఒకడు మొక్కల్లో వంగి కూచుని వాటిని కుదుపుతాడు. పొగ కావాలట. గులాబీ రంగు పొగ గొట్టం ముట్టిస్తారు. వలిసె పువ్వు తన పుప్పొడితో తాను గింజ కట్టదు, పక్క మొక్క నుంచి తేనెటీగ మోసుకురావలసిందే. ఆ తేనెటీగల మొహాన పొగ కొట్టి, వెనక వయొలిన్ పాట పెట్టి, "ప్రకృతి ఒడిలో" అని పేరు పెడతారు.

తర్వాత పడుకునే సీను. ఇద్దరూ పూల మధ్య వెల్లకిలా పడుకుంటే పైనుంచి డ్రోను తీస్తుంది. నడుమెత్తు మొక్కలు, మెత్తటి కాడలు. రెండు మంచాలంత మేర చాపలా అణిగిపోతుంది. లేచి చూసుకుని, "ఇక్కడ నలిగిపోయింది, ఇంకో చోట తీద్దాం" అంటారు. నలిపిందెవరో మరి! గట్టు మీద నిలబడి ఇదంతా చూస్తున్న ఆ పొలం మనిషితో చివరగా అనే మాట: "కాస్త పక్కకి జరగమ్మా, ఫ్రేములో పడుతున్నావ్."

ఆవిడ పొలంలోంచి ఆవిడనే పక్కకి జరగమనడం!

ఈమధ్య కొందరు రైతులు తాడు కట్టి మనిషికి పదో ఇరవయ్యో అడుగుతున్నారు. దాని మీద ఎంత గోల! "పూలు చూడ్డానికి డబ్బులేమిటి? దేవుడిచ్చిన ప్రకృతి" అంటాడు, లక్షల కెమెరా మెడలో వేలాడేసుకున్న పెద్దమనిషి. దేవుడివ్వలేదు బాబూ. వాన చూసుకుని ఆ వాలు మీద దున్నింది ఆవిడ. చల్లింది ఆవిడ. డిసెంబరులోనో జనవరిలోనో కోసి, ఎండబెట్టి, గింజలు రాల్చి సంతకు మోయవలసిందీ ఆవిడే. మీరు తొక్కినంత మేరా గింజ ఉండదు. దానికి బేరమాడుతున్నారు. సిగ్గుండాలి.

ఇక వేషం. వ్యూపాయింటు దగ్గర మోకాళ్ల దాకా కట్టిన చీర, పూసలు, కొప్పు, చంకలో బుట్ట అద్దెకు దొరుకుతాయి. అద్దెకిచ్చే వాళ్లను నేనేమీ అనను, నాలుగు డబ్బులు వస్తే వాళ్లకే మంచిది. వేసుకున్న వాళ్ల సంగతి వేరు. ఫోటో కాగానే థింసా నాట్యం వరసలోకి దూరి, అడుగు రాక పక్కావిడ కాలు తొక్కి, పకపకా నవ్వి, దాన్ని సంస్కృతి అంటారు. ఇక వంజంగి కొండ మీంచి తీసే మేఘాల ఫోటోల్లో అంచు కత్తిరించేదెందుకో ఎక్కిన వాళ్లందరికీ తెలుసు: ప్లాస్టిక్ సీసాలు.

డ్రోను ఎత్తు నుంచి రోడ్డు లేని ఊరు మహా ముచ్చటగా ఉంటుంది. పచ్చదనం నడుమ నాలుగు ఇళ్లు, సన్నటి కాలిబాట. కింద రాత: "ఇక్కడే ఓ స్థలం కొనుక్కుని ఉండిపోవాలనిపిస్తోంది." గిరిజనేతరుల చేతికి పోనివ్వకుండా 1/70 చట్టం ఏజెన్సీ భూమికి కాపలా ఉంది కాబట్టి సరిపోయింది, లేకపోతే ఈపాటికి ప్లాట్లు వేసేవారు. ఉండిపోవాలని అంత ఉంటే ఒక వానాకాలం ఉండి చూడండి. మీరు ముద్దుగా ఫోటో తీసిన అలాంటి కాలిబాటల మీదే నెలలు నిండిన ఆడమనిషిని డోలీలో మోసుకొస్తున్నారు. దుప్పటి, కర్ర, వంతులు మార్చుకునే భుజాలు. అంబులెన్సు తారు రోడ్డు దగ్గర ఆగిపోతుంది, అక్కడిదాకా చేర్చవలసింది మనుషులే. పాడేరు కేంద్రంగా 2022లో కొత్త జిల్లా అయింది, దానికి అల్లూరి సీతారామరాజు పేరూ పెట్టుకున్నాం. డోలీ వార్త మాత్రం ఇప్పటికీ పేపర్లో వస్తూనే ఉంది. లోపలి పేజీలో. మొదటి పేజీలో వలిసెపూల రంగుల ఫోటో.

ఈ ఆదివారం బయల్దేరుతున్న వారికి ఒక్క మాట. గట్టు దిగకండి. అడిగిన ఇరవై ఇవ్వండి, చిల్లర అడగకండి. ఆవిడ ఫ్రేములో పడితే పడనివ్వండి.