బూజునని చిన్నచూపు

నా పేరు వెర్టిసీలియం లెకాని. జాతికి బూజును. 1898లో జావా కాఫీ తోటల్లో పొలుసు పురుగుల మీద నన్ను చూసి జిమ్మర్‌మాన్ లోకానికి చెప్పాడు. 2001లో శాస్త్రజ్ఞులు ఇంటిపేరు మార్చి లెకానిసీలియం అన్నారు గానీ, రైతుల నోట ఇంకా పాత పేరే నడుస్తోంది. ఫ్యాక్టరీలో నన్ను పెంచి, పొడిలో కలిపి, సంచికెత్తిన వైనం చెప్పి విసిగించను.

నా పనితనం మాత్రం చెప్పుకోవాల్సిందే. పత్తి ఆకు అడుగున పేనుబంక గుంపుకట్టి రసం పీలుస్తుంది. అది కార్చే జిగురుకు ఆకులు మసిబారతాయి, పగిలిన కాయలో దూది అంటుకుపోతుంది. నాకు దాని ఒంటిమీద ఆవగింజంత చోటూ అక్కర్లేదు. కార్తీకం మంచులాంటి తేమ దొరికితే మొలకెత్తి, చర్మం తొలుచుకుని లోపలికి పోతాను. వారం నాటికి అది చచ్చి, ఒంటినిండా తెల్లటి నూగు! ఆ నూగు పక్కవాటికీ అంటుకుంటుంది. గాలి పొడిగా ఉంటే నా చేత కాదు, అబద్ధమెందుకు?

నా కోపమల్లా ఆ వారం ఓర్చుకోలేని వాళ్ల మీద. 1980ల్లో ఈ నల్లరేగడికి సింథటిక్ పైరిత్రాయిడ్లనే ఘాటు పురుగుమందులు వచ్చాయి. పురుగు ఇట్టే రాలింది. దాంతోపాటు రైతుకు మిత్రులైన అక్షింతల పురుగులూ రాలాయి, ఎవరికీ పట్టలేదు. ఆ దశాబ్దంలోనే గుంటూరు, ప్రకాశం పత్తి మీద తెల్లదోమ విరుచుకుపడింది. అప్పులు తీర్చలేక రైతులు ప్రాణాలు తీసుకున్నారు. తెల్లదోమ కూడా నా మేతే. అప్పుడు నన్ను పిలిచినవాడు లేడు.

ఇప్పుడు పిలిచి అవమానిస్తున్నారు. నన్ను కొన్న ఆసామి రేకుల షెడ్డులో, యూరియా బస్తాల మీద ఎండాకాలమంతా పడేశాడు. నాలో చాలావరకు అక్కడే చచ్చింది. మిగిలినదాన్ని మిరపకు తెచ్చిన మాంకోజెబ్‌తో కలిపి ఒకే డ్రమ్ములో పోశాడు. బూజును చంపే మందులో బూజును కలిపే తెలివి! పైగా కొట్టింది మిట్టమధ్యాహ్నం. మూడోనాడు పేనుబంక కులాసాగా కనిపించేసరికి, ‘సుద్దపొడి అంటగట్టారు’ అని తిట్టి, సంచిని కాలవగట్టున విసిరేశాడు. ఇక్కడినుంచి చూస్తూనే ఉన్నాను, మళ్లీ ఘాటు మందు డబ్బా భుజానికెత్తుకున్నాడు. ఆ డబ్బాకు ఎంత ఖర్చయినా ఊరుకుంటాడు, నేను మాత్రం దండగట.

అన్నా, ఈసారి కొనేటప్పుడు సంచి మీద గడువు చూడు. నీడన, చల్లగా ఉంచు. లీటరు నీటికి 5 గ్రాములు కలిపి, పొద్దు వాలాక, ఆకు అడుగు తడిసేలా కొట్టు. తెగులు మందుకూ నాకూ కనీసం వారం ఎడం పెట్టు.