రేట్‌లిమిట్ కోడ్‌ను మొద్దుగా రాయండి

నెట్‌వర్క్ కేబుల్ వదులైందంటే చాలు, సరిగా రాయని డ్రైవర్ ఒకే ఫిర్యాదును సెకనుకు వేలసార్లు లాగ్‌లోకి తోస్తుంది. సీరియల్ కన్సోల్ వేగం 115200 బాడ్ అనుకుందాం. అంటే సెకనుకు 11,520 అక్షరాలు. 80 అక్షరాల లైను ఒకటి బయటికి పోవడానికి దాదాపు 7 మిల్లీసెకన్లు పడుతుంది. వెయ్యి లైన్లంటే ఏడు సెకన్లు! అంతసేపూ మెషీన్ అసలు పని వదిలేసి తన గోడు వెళ్లబోసుకుంటూ కూర్చుంటుంది. దీనికి అడ్డుకట్టగా పెట్టేదే రేట్‌లిమిట్. మిగతా కోడంతా కష్టంలో ఉన్నప్పుడు నడవాల్సిన కోడ్ ఇది, కాబట్టి ఇందులో తెలివితేటలు చూపించకండి. ఇక్కడ చెప్పేవన్నీ పాఠ్యపుస్తకాలు చదివినవాళ్లకీ, కోడ్ రివ్యూ చేసేవాళ్లకీ అడ్డదిడ్డంగానే కనిపిస్తాయి. అయినా ఇవే పాటించండి.

ముందుగా టోకెన్ బకెట్‌ను పక్కన పడేయండి. అందులో గడిచిన సమయాన్ని రేటుతో గుణించాలి, విరామంతో భాగించాలి, శేషాన్ని ఎక్కడో దాచుకోవాలి, ఆ గుణకారం 32 బిట్లు దాటిపోకుండా కాపలా కాయాలి. ఒక లాగ్ లైను రాయాలా వద్దా అని తేల్చడానికి ఇంత లెక్క ఎందుకు? రెండే అంకెలు గుర్తుపెట్టుకోండి: విండో ఎప్పుడు మొదలైంది, ఇప్పటికి ఎన్ని వచ్చాయి. గడువు దాటిపోతే విండోను ఇప్పుడే మొదలైనట్టు రాసుకుని లెక్కను ఒకటి చేయండి. దాటకపోతే ఒకటి కలిపి పరిమితితో పోల్చండి. అంతే. సిస్టమ్‌డీలో ఉన్నది ఇదే. లినక్స్ కెర్నెల్‌లోని రేట్‌లిమిట్ ఫైలును నమూనాగా తీసుకున్నామని ఆ కోడ్‌లోనే రాసి ఉంటుంది. ఆ ఫంక్షన్‌ను ఎవరైనా నిలబడి చదివేయవచ్చు, చదివినవాళ్లకు అర్థమవుతుంది కూడా.

విండో అంచున రెట్టింపు మెసేజ్‌లు జారిపోతాయని రివ్యూలో ఎవరో ఒకరు తప్పక అంటారు. నిజమే, జారిపోతాయి. ఎన్నో చూద్దాం. కెర్నెల్‌లో డిఫాల్ట్ పరిమితి 5 సెకన్లకు 10. విండో గోడ గడియారాన్ని బట్టి కాదు, మొదటి ఈవెంట్ వచ్చిన క్షణం నుంచి మొదలవుతుంది. కాబట్టి మొదట్లో ఒకటి వచ్చి, విండో ముగిసే ముందు తొమ్మిది వచ్చి, అది ముగియగానే ఇంకో పది రావాలి. వెంటవెంటనే వచ్చేవి 19. ఆ 19 లైన్లకు మన సీరియల్ కన్సోల్ మీద పావు సెకను కూడా పట్టదు. దాన్ని నివారించడానికి పేజీడు గణితం రాసేవాళ్లు, ఆ గణితంలో తప్పు దొర్లితే పట్టుకునేది ఎవరో కూడా చెప్పాలి.

రెండో సలహా ఇంకా మొండిది: ఆ రెండు అంకెలను కాపాడే లాక్ కోసం ఆగకండి. స్పిన్‌లాక్‌ను ఒకసారి అడిగి చూడండి, దొరక్కపోతే ముందుకు సాగిపోండి. లెక్క ఒకటో రెండో తప్పుతుంది, తప్పనివ్వండి. ఈ ఫంక్షన్‌ను ఇంటరప్ట్‌లో ఉన్న కోడ్ కూడా పిలుస్తుంది, పెద్ద సర్వర్లో అయితే పదుల కొద్దీ సీపీయూలు ఒకేసారి పిలుస్తాయి. అన్నీ ఒకే లాక్ దగ్గర వరస కడితే, మెషీన్‌ను లాగ్ వరద నుంచి కాపాడాల్సిన కోడే దాన్ని నిలబెట్టేస్తుంది. ఈ లాక్ దగ్గర పోటీ ఉందంటే లాక్ పట్టుకున్నవాళ్లు ఎలాగూ ఒక మెసేజ్ రాస్తున్నారు, మనది పోయినా నష్టం లేదు అన్న తర్కం మీదే కెర్నెల్ ఏళ్ల తరబడి నడిచింది. అందులో ఒక లోపం మాత్రం ఉండేది. కోటా ఇంకా మిగిలి ఉన్నా, లాక్ దొరకలేదన్న ఒక్క కారణంతో మెసేజ్ రాలిపోయేది. 2025లో దాన్ని సరిచేశారు. ఇప్పుడు లాక్ దొరకనివాళ్లు అటామిక్ కౌంటర్లో కోటా ఉందేమో చూస్తారు, ఉంటే ఒకటి తగ్గించుకుని రాసేస్తారు. సరిచేసినప్పుడు కూడా లాక్ కోసం ఆగే పద్ధతి జోలికి పోలేదు, అది గమనించండి.

ఇక, అందరికీ కలిపి ఒకే సెంట్రల్ లిమిటర్ పెడితే కోడ్ శుభ్రంగా ఉంటుందని చెబుతారు. వినకండి. మెసేజ్ రాసే ప్రతిచోటా దాని లెక్క దానికే పెట్టండి. ఒకే లెక్కను అందరూ పంచుకుంటే, వాగుడుకాయ డ్రైవర్ ఒకటి కోటా మొత్తం తినేస్తుంది, డిస్క్ పాడవుతోందని చెప్పే ఒక్క లైను బయటికి రాదు. జర్నల్‌డీ కూడా ఏ సర్వీసు లెక్క ఆ సర్వీసుకే ఉంచుతుంది. మెమరీ ఖర్చంటారా, చోటుకు కొన్ని పదుల బైట్లు.

ఇన్ని చోట్ల వదులుగా ఉండమన్నాను గానీ, ఒక్క దగ్గర మాత్రం పిసినారిగా ఉండండి. ఆపేసిన మెసేజ్‌లు ఎన్నో లెక్కపెట్టి తీరాలి. కెర్నెల్ లాగ్‌లో కనిపించే ‘ఇన్ని కాల్‌బ్యాక్స్ సప్రెస్డ్’ అన్న లైను విలువ అర్ధరాత్రి సర్వర్ పడిపోయినప్పుడు తెలుస్తుంది. పది లైన్లు చూసి చిన్న తడబాటనుకున్నవాళ్లు, వెనక 48,000 ఆగిపోయాయని చూస్తే లేచి కూర్చుంటారు. అయితే ఆ లైను మామూలుగా తర్వాతి విండోలో ఇంకో మెసేజ్ వచ్చినప్పుడే పడుతుంది. ఫిర్యాదులు ఠక్కున ఆగిపోతే లెక్క లోపలే ఉండిపోతుంది. అందుకని, మాడ్యూల్ దిగిపోయేటప్పుడైనా ఆ అంకెను బయటికి చెప్పే ఏర్పాటు చేయండి.

సమయం కోసం మోనోటోనిక్ క్లాక్ తప్ప ఇంకేదీ వాడకండి. గోడ గడియారాన్ని ఎన్‌టీపీ వెనక్కి జరిపిందంటే మీ విండో గంటల తరబడి ముగియకపోవచ్చు. కౌంటర్ సున్నాకు తిరిగిపోయే సంగతీ మరవకండి. 1000 హెర్ట్జ్ దగ్గర 32 బిట్ల జిఫ్ఫీస్ (కెర్నెల్ టిక్కుల కౌంటర్) దాదాపు 49.7 రోజులకు తిరిగిపోతుంది. అన్నాళ్లు ఎవరు పరీక్షిస్తారని, కెర్నెల్ బూట్ అయిన 5 నిమిషాలకే అది తిరిగిపోయేలా మొదటి విలువను కావాలనే పెట్టారు. మీ కౌంటర్‌నూ అంచుకు దగ్గర్లోనే మొదలుపెట్టండి.

ఇదంతా లాగ్‌లకూ నోటిఫికేషన్లకూ. పాస్‌వర్డ్ ఊహించేవాణ్ణి ఆపడానికో, లింక్ మీద బ్యాండ్‌విడ్త్ పంచడానికో అయితే అంచున జారే ఆ రెట్టింపు ఖరీదైనదే. అక్కడ టోకెన్ బకెట్ రాయండి, కష్టపడి రాయండి.

చివరగా సున్నా సంగతి. విరామం (విండో నిడివి) సున్నా అంటే హద్దు లేదని కెర్నెలూ, సిస్టమ్‌డీ రెండూ అనుకుంటాయి. బర్స్ట్ (విండోకు ఉన్న పరిమితి) సున్నా అయితే మాత్రం కెర్నెల్ అన్నింటినీ ఆపేస్తుంది, సిస్టమ్‌డీ అన్నింటినీ పోనిస్తుంది. మీరు ఏ పక్షమో ఫంక్షన్ మొదటి లైన్లోనే తేల్చేసి, పక్కనే కామెంట్ రాసిపెట్టండి.