బొమ్మలున్నాయి, తాకరాదు

కొత్త ఫ్లాటుకి వెళితే టీ కన్నా ముందు మ్యూజియం టూరు. గాజు బీరువాలో కొండపల్లి అంబారీ ఏనుగు. పొణికి కర్రతో చెక్కిన ఆటబొమ్మే అయినా, ఆ ఇంటి పిల్లాడు చెయ్యి పెడితే వీపు విమానం మోతే!

గోడ మీద చేర్యాల పటం. ఊరూరా విప్పుకుంటూ కథ చెప్పడానికి నకాషీ చిత్రకారులు గజాల పొడవున గీసిన పటాలవి. ఈ ఇంటివారికి సోఫా వెడల్పు ముక్క చాలట. కథేమిటని అడిగితే, ‘‘కలర్ కాంబినేషన్ బాగుందని తీసుకున్నామండీ’’ అంటారు. తెర మీద ఆడాల్సిన నిమ్మలకుంట తోలుబొమ్మ రావణుడు బల్బు చుట్టూ ల్యాంప్‌షేడై కూర్చున్నాడు. (నయమే, ఆటకు పిలిచేవాళ్లు తగ్గిన రోజుల్లో కళాకారుడి పొయ్యి వెలిగేది ఆ షేడుతోనే.)

అసలు ముచ్చటంతా బేరంలో ఉంది. ఎగ్జిబిషన్లో ఏటికొప్పాక లక్కబొమ్మ పట్టుకుని, ‘‘కర్రముక్కేగా, సగానికివ్వు’’ అని గంట నిలదీస్తారు. అదే బొమ్మకు మాల్‌లో ‘ఎథ్నిక్’ చీటీ అంటిస్తే కిమ్మనకుండా కార్డు గీకుతారు. మెషిన్ మీద అచ్చేసిన ‘కలంకారీ’ కర్టెన్లకైతే రేటే అడగరు.

అయ్యా, అమ్మా! బేరమాడక ఉండలేకపోతే, ఆ మాల్‌లోనే ఆడండి.